కాకతీయుల కాలపు ప్రేమ నవల పాఠకుణ్ణి పట్టి ఉంచాలంటే ఏం కావాలి?

కొలనుగట్టు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మధ్యయుగాల నేపథ్యంలో వచ్చే ప్రేమ నవలలకు ఉన్న ఆకర్షణ ఎక్కడుందో తేల్చుకోవాలని అడుగుతున్నాను. కోటలు, గుర్రాలు, నగలు అనే హంగు ఒక్కటే కారణమైతే, ఆ హంగున్న ప్రతి నవలా నిలబడాలి. చాలావి నిలబడటం లేదు. పట్టుచీర కట్టిన ఈనాటి అమ్మాయి, కత్తి పట్టిన ఈనాటి అబ్బాయి కనిపిస్తారు. నాలుగో అధ్యాయానికే పాఠకుడికి సంగతి తెలిసిపోతుంది.

నేను అనుకున్న కథ 1260ల నాటిది. గణపతిదేవుడి తర్వాత రుద్రమ సింహాసనం మీద కుదురుకుంటున్న కాలం. నాయిక మోటుపల్లి రేవు వర్తకుడి కూతురు. నాయకుడు ఓరుగల్లు కొలువులో ఉన్న ఒక లెంక, అంటే ప్రభువుకి ప్రాణం అంకితం చేసిన బంటు. అంతఃపురం కుట్రలు వద్దనుకున్నాను.

అడగాల్సినవి ఇవి. ఇద్దరి మధ్యా అడ్డుగోడగా కులాన్ని పెట్టాలనుకుంటున్నాను, అది ఆ కాలానికి సరిపోతుందా? మోటుపల్లికీ ఓరుగల్లుకీ మధ్య రాకపోకలు, కబుర్లు ఎంత వేగంగా సాగేవి? తిండిలో, వస్తువుల్లో, మాటల్లో సాధారణంగా దొర్లే తప్పులేమిటి?

రాతిశాసనం

మీ మొదటి ప్రశ్న అన్నిటికంటే పెద్దది, అందుకని దాని దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను. ఈ నవలల ఆకర్షణ అడ్డంకిలో ఉంది. ఈ రోజుల్లో ఇద్దరు ఇష్టపడితే, ఇంట్లోవాళ్ళు కాదన్నా, రిజిస్ట్రారు ఆఫీసు ఒకటుంది. ఆ దారి లేని కాలంలో కథ పెడితే ప్రతి చూపుకీ బరువు వస్తుంది. అయితే ఆ అడ్డంకి ఆ కాలపు చట్టం నుంచో, కొలువు నుంచో, నమ్మకం నుంచో పుట్టాలి. రచయిత తెచ్చి పెట్టిన దుష్టుడు పనికిరాడు.

ఇంగ్లీషు నవలలు 12, 13 శతాబ్దాల ఇంగ్లండుని అంతగా పట్టుకు వేలాడటానికి కారణం ఇదే. రాజు నుంచి నేరుగా భూమి పొందిన ప్రభువు చిన్నపిల్లల్ని వదిలి చనిపోతే, ఆ పిల్లల సంరక్షణా, వాళ్ళ పెళ్ళి కుదిర్చే హక్కూ రాజుకి దక్కేవి. రాజు ఆ హక్కుల్ని అమ్ముకునేవాడు కూడా. 1215 నాటి మాగ్నా కార్టా వారసుల్ని తక్కువ అంతస్తు వాళ్ళకి కట్టబెట్టకూడదంది. వితంతువుని బలవంతాన మళ్ళీ పెళ్ళికి ఒప్పించకూడదంది, కానీ రాజు అనుమతి లేకుండా చేసుకోనని ఆమె పూచీ ఇవ్వాలంది. ఇది ఒక పక్క.

రెండో పక్క చర్చి ఉంది. మూడో అలెగ్జాండర్ పోపు (1159–1181) నాటికి ఇద్దరి సమ్మతే పెళ్ళికి ప్రాణం అన్న సూత్రం స్థిరపడింది. ‘నిన్ను భార్యగా స్వీకరిస్తున్నాను’, ‘నిన్ను భర్తగా స్వీకరిస్తున్నాను’ అని అప్పటికప్పుడు అనుకుంటే చాలు, పూజారి లేకపోయినా సాక్షి లేకపోయినా ఆ పెళ్ళి చెల్లేది. 1215లోనే జరిగిన నాలుగో లాటరన్ సభ రహస్య వివాహాల్ని నిషేధించి, పెళ్ళిని ముందుగా చర్చిలో ప్రకటించాలని విధించింది. అయినా చాటున జరిగిన పెళ్ళి చెల్లకుండా పోలేదు. అంటే రాజు ఒకడికి అమ్మిన అమ్మాయి ముందురోజు రాత్రే ఇంకొకడితో ఒక్క వాక్యం అనేసి ఉంటే, లోకంలో ఏ కాగితమూ దాన్ని విప్పలేదు. ఇన్ని వందల నవలలు నడుస్తున్నది ఈ రెండు అధికారాల మధ్య ఇరుకులోనే. బలవంతపు పెళ్ళితో మొదలై ప్రేమతో ముగిసే కథలన్నీ ఈ గడ్డ మీద మొలిచినవే.

ఆ ఇరుకుని మన దగ్గరికి ఎత్తుకు రాకూడదు. మన దగ్గర అటువంటి చర్చి లేదు, అటువంటి సంరక్షణ హక్కూ లేదు. మనకున్నవి వేరే.

మొదటిది రాజకీయ వియ్యం. గణపతిదేవుడు దివిసీమ గెలిచాక జాయపసేనాని అక్కచెల్లెళ్ళు నారాంబ, పేరాంబలను పెళ్ళాడాడు. కూతురు గణపాంబను ధరణికోట కోట బేతరాజుకిచ్చాడు. రుద్రమను నిడదవోలు చాళుక్య వీరభద్రుడికిచ్చాడు. ఒక్కొక్క పెళ్ళీ ఒక్కొక్క సీమకి వేసిన ముడి. సామంతుల ఇళ్ళలోనూ ఇదే లెక్క. నాయిక తండ్రి ఇంత పెద్దవాడు కాకపోయినా, మోటుపల్లి వర్తకుడంటే ‘పెక్కండ్రు’ అనే వర్తక సమయంలో, అంటే వర్తక సంఘంలో, సభ్యుడు. సమయం కట్టు దాటితే వ్యాపారం పోతుంది. కూతురి పెళ్ళి ఆయనకి సరుకు బాకీలతో, ఓడల్లో వాటాలతో ముడిపడి ఉంటుంది. నాన్నగారి కోపం కంటే ఇది గట్టి అడ్డంకి.

కులం సంగతి జాగ్రత్త. ఈనాటి కులపు గోడని యథాతథంగా 1260లలో నిలబెడితే కథ తప్పుతుంది. కాకతీయులు తమ శాసనాల్లో ఎక్కువగా చతుర్థ కులజులమనే, అంటే శూద్రులమనే, చెప్పుకున్నారు. రుద్రమ కూతురు రుయ్యమ్మను ఇందులూరి అన్నయదేవుడికిచ్చారు, ఆయనది బ్రాహ్మణ మంత్రుల వంశం. శాసనాల్లో మనిషిని చెప్పేటప్పుడు ఎవరి కొలువు, ఏ బిరుదు, ఏ ఊరు అన్నవాటికే పెద్దపీట. కులం లేదని కాదు, వ్రేలెత్తి చూపే తీరు వేరు.

దానికంటే పదునైనది ఒకటుంది: వీరశైవం. ఒంటి మీద శివలింగం ధరించడం, అంటే లింగధారణ, లేనివాణ్ణి వీరశైవులు ‘భవి’ అన్నారు. భవితో పొత్తు కూడదు, వియ్యం అసలే కూడదు. పాల్కురికి సోమనాథుడి రచనల్లో ఈ పట్టు ఎంత తీవ్రమో చూడండి. మీ నాయిక వీరశైవుల ఇంటి పిల్ల అనుకోండి. ఆమెకి పుట్టుక అడ్డం కాదు, మెడలోని లింగం అడ్డం. అతను లింగం కట్టించుకుంటే అడ్డు తొలగుతుంది. కానీ అందుకోసం మాత్రమే కట్టించుకుంటే అది భక్తి కాదు, ఆ సంగతి ఆమెకే అందరికంటే బాగా తెలుసు. అప్పుడు అడ్డంకి బయట ఉండదు, ఆమె లోపల ఉంటుంది. ఈ ఒక్క దానితో నూరు పేజీలు నడుస్తాయి.

ఇక లెంక. ఈ ఎంపిక చాలా మంచిది, మీరు దాన్ని పూర్తిగా వాడుకోవాలి. లెంక జీతానికి వచ్చే బంటు కాదు, ప్రభువుకి తనను తాను కట్టుబెట్టుకున్నవాడు. పక్కనే హొయసళ రాజ్యంలో ఇలాంటి ప్రతిజ్ఞ ఎంతదాకా పోయేదో హళేబీడులోని స్తంభ శాసనం చెబుతుంది: రెండో వీరబల్లాళుడు 1220లో పోయినప్పుడు కువర లక్ష్మ అనే దండనాయకుడు భార్యతో, అనుచరులతో సహా ప్రాణాలు విడిచాడు. ప్రాణం ఒకరికి ముందే ఇచ్చేసినవాడు ఇంకొకరికి మాట ఇవ్వగలడా? మీ ప్రేమకథలో అసలు ప్రశ్న ఇది. రాణి అతన్ని విడుదల చేయగలదు, అతనే అడగలేడు.

రెండెడ్లబండి

రాతిశాసనం గారు చెప్పినదానికి జోడింపు. ఈ నవలల్లో రెండో ఆకర్షణ ఆలస్యం. ఫోను లేని కాలంలో ఒక మాట చేరడానికి పట్టే వ్యవధిలోనే ఊహ పెరుగుతుంది, అనుమానం పెరుగుతుంది. రచయిత దూరాల్ని ఇష్టమొచ్చినట్టు కుదిస్తే ఆ పెరుగుదలకి చోటుండదు. చెడిపోయిన నవలల్లో ఎక్కువ చెడింది ఇక్కడే. నాయకుడు సాయంత్రం ఓరుగల్లులో గుర్రం ఎక్కి తెల్లవారేసరికి సముద్రం ఒడ్డున ఉంటాడు.

మోటుపల్లి ఇప్పటి బాపట్ల జిల్లాలో చినగంజాం దగ్గర. అక్కణ్ణుంచి ఓరుగల్లుకి కాకి ఎగిరిన దారే దాదాపు 260 కిలోమీటర్లు. నేల మీద 300 దాటుతుంది. సరుకు బండి గానీ, పెరికెడ్ల బిడారు గానీ రోజుకి 20, 25 కిలోమీటర్లకి మించి నడవదు. అంటే దారిలో ఏ ఆటంకమూ లేకపోయినా పన్నెండు నుంచి పదిహేను రోజులు. ఒక్క గుర్రాన్ని మార్చకుండా, దాన్ని చంపకుండా పోయే రౌతు రోజుకి 50 కిలోమీటర్లు పోతాడనుకోండి, ఆరు రోజులు. దారిలో గుర్రాలు మార్చే ఏర్పాటున్న రాజదూత ఇంకా ముందు చేరతాడు. అందుకే రాజాజ్ఞ ఎప్పుడూ ప్రేమ సందేశం కంటే ముందు చేరుతుంది. ఈ తేడాని కథలో వాడుకోండి. పాఠకుడు లెక్కపెట్టకపోయినా బిగువు తెలుస్తుంది. పాత్రల నోట కిలోమీటర్లు రావు కదా, ఆమడలు వాడండి. ఆమడ అంటే సుమారు ఎనిమిది మైళ్ళని లెక్క, ప్రాంతాన్ని బట్టి మారేది. బండి రోజుకి రెండు ఆమడలు పోతే బాగా నడిచినట్టు.

మధ్యలో కృష్ణ ఉంది. వంతెన లేదు. వేసవిలో రేవు చూసుకుని దాటొచ్చు. శ్రావణ భాద్రపదాల్లో పుట్టి (గుండ్రటి తెప్ప) మీద దాటాలి. వరద ముదిరితే పుట్టివాడు కూడా ఒప్పుకోడు. అంటే ఏటా కొన్ని వారాలు మీ ఇద్దరూ రెండు వేర్వేరు లోకాల్లో ఉంటారు. దండయాత్రలు వానలు వెనకబడ్డాక, విజయదశమి దాటి మొదలవుతాయి. కార్తీకంలో తీరానికి వాయుగుండాలు వస్తాయి. తూర్పు దేశాల ఓడలు ఈశాన్య గాలుల కాలంలో వస్తాయి. ఈ నాలుగింటినీ ఒక పట్టీగా రాసుకుని, దాని మీద కథ పరవండి. వాళ్ళిద్దరూ ఎప్పుడు కలవగలరో ఎప్పుడు కలవలేరో పట్టీయే చెబుతుంది.

కాలమానం. రోజుకి అరవై ఘడియలు, ఘడియ 24 నిమిషాలు, ఏడున్నర ఘడియలు ఒక జాము, అంటే మూడు గంటలు. నీటి మీద చిల్లు రాగి గిన్నె, అదే గడియకుడుక, మునిగినప్పుడల్లా ఘడియ కొట్టేవారు. ‘అయిదు నిమిషాల్లో వస్తాను’ అని ఎవరూ అనరు.

వెన్నెల దగ్గర దాదాపు ప్రతివాళ్ళూ పొరబడతారు. పున్నమి నాడు చంద్రుడు పొద్దుగూకుతూనే పైకొస్తాడు. ఆ తర్వాత రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యం. బహుళ పంచమికి రాత్రి పది ప్రాంతంలో, బహుళ అష్టమికి అర్ధరాత్రి వేళకి ఉదయిస్తాడు. శుద్ధ పక్షంలో తలకిందులు: శుద్ధ పంచమి చంద్రుడు పదింటికి అస్తమిస్తాడు, అష్టమి చంద్రుడు అర్ధరాత్రికి. చాటుగా కలుసుకోవాలంటే చీకటి కావాలి, ముఖం కనపడాలంటే వెన్నెల కావాలి. బహుళ పంచమి రెండూ ఇస్తుంది: చెరువుగట్టుకి చీకట్లో చేరతారు, మాటల మధ్యలో చంద్రుడొస్తాడు.

సంవత్సరం పేరు కూడా తేలికే. శాలివాహన శకానికి 78 కలిపితే క్రీస్తు శకం. పేరు అరవై ఏళ్ళకోసారి తిరుగుతుంది కాబట్టి మన కాలపు సంవత్సరం లోంచి అరవైలు తీసేసుకుంటూ పోండి. గణపతిదేవుడు 1244లో వేయించిన మోటుపల్లి శాసనం క్రోధి, మొన్న 2024 కూడా క్రోధే. రుద్రమ పట్టానికి వచ్చిన 1262 దుందుభి అవుతుంది.

కొలనుగట్టు

ఇద్దరికీ చాలా కృతజ్ఞతలు. లింగధారణ ఆలోచన నాకు తట్టనే లేదు, కులం తీసేసి అదే పెడతాను. ఇంకో రెండు సందేహాలు. ఇద్దరూ ఉత్తరాలు రాసుకోవచ్చా? పెళ్ళికాని ఆడపిల్ల పరాయి మగవాణ్ణి నలుగురిలో చూసే అవకాశం ఎక్కడుంటుంది?

తాటాకుకమ్మ

ఉత్తరం రాసుకోవచ్చు, కానీ దాన్ని కాగితంగా ఊహించుకోకండి. తాటాకు మీద ఇనుప గంటంతో గీస్తారు. గీత తెల్లగానే ఉంటుంది. మసి గానీ పసరు గానీ రుద్ది తుడిస్తేనే అక్షరం నల్లగా తేలుతుంది. రుద్దని కమ్మని దీపానికి ఏటవాలుగా పట్టుకుంటే తప్ప సరిగా కనపడదు. ఒక ప్రేమ సన్నివేశానికి ఇంతకంటే ఏం కావాలి? మసి రుద్దకుండా పంపిన కమ్మ, ఎవరి చేతిలో పడ్డా ఖాళీ ఆకులా కనిపించేది, చదవాల్సిన మనిషికి మాత్రం తెలుస్తుంది. ఇంకో సంగతి: గంటంతో గీసింది చెరిగిపోదు. కన్నీటి బొట్టు పడి సిరా అలుక్కుపోయే సీను ఇక్కడ కుదరదు. ఎండుటాకు చీరుకుపోవచ్చు, కాలిపోవచ్చు. ఒక కమ్మలో పట్టేది కొద్ది వరుసలే కాబట్టి, రెండు పేజీల విరహం రాయించకండి.

వర్తకుల ఇంటి పిల్లకి లెక్కల కోసమైనా అక్షరాలు వచ్చి ఉండొచ్చు. లెంకకి రాకపోవచ్చు. అతనికి ఎవరో చదివి వినిపించాలి. ఆ మూడో మనిషి ఎవరన్నది మీ కథకి బలమైన మలుపు.

కలుసుకునే చోట్లు చాలానే ఉన్నాయి. గుడి రంగమండపంలో నాట్యం, తిరునాళ్ళు, చెరువు, అంగడి వీధి. క్రీడాభిరామం అనే తెలుగు కావ్యం ఓరుగల్లు వీధుల్లో ఒక రోజంతా తిప్పుతుంది: ఏకవీర గుడి, మైలారుదేవుడి భక్తుల సాహసాలు, కోడిపందేలు, పొట్టేళ్ళ పందేలు, పల్నాటి వీరుల కథ పాడే ఆడవాళ్ళు. అది కాకతీయుల పతనం తర్వాత రాసిన కావ్యం కాబట్టి 1260లకి ప్రతి వివరమూ అతికించకండి. కానీ ఊరి సందడికి అంతకంటే మంచి ఆధారం లేదు. నాట్యానికి జాయపసేనాని రాసిన నృత్తరత్నావళి అనే శాస్త్రగ్రంథం ఉంది, 1250లలో పూర్తయింది, మీ కథకి సరిగ్గా ముందు. అందులో మార్గ నృత్తంతో పాటు జనం ఆడే దేశి నృత్యాలూ ఉన్నాయి. మీ పాత్రలు చూసే ఆటపాటల్ని అక్కణ్ణుంచి తీసుకోండి.

ఆడవాళ్ళని అసహాయులుగా రాయొద్దని గట్టిగా చెబుతాను. భర్త పోయాక గణపాంబ ధరణికోట సీమని తానే ఏలింది, గుళ్ళు కట్టించింది. గుడి సేవలో ఉండే గుడిసానులు సొంతంగా దానాలు చేసి శాసనాలు వేయించారు. ఆడదాని పేరు మీద ఆస్తి ఉండటం, ఆమె దాన్ని దానం చేయడం ఆ కాలానికి కొత్త కాదు. మీ నాయిక దగ్గర సొంత సొమ్ముండొచ్చు. దానితో ఏం చేస్తుందన్నది ఆమె నిర్ణయం కావాలి.

కోట విషయం ఒక ముక్క. ఓరుగల్లు రాతికోట అడ్డంగా 1.2 కిలోమీటర్లుంటుంది, దాని బయట కందకం, ఆ బయట మట్టికోట. రాతికోట నాలుగు దిక్కుల వాకిళ్ళూ తిన్నగా ఉండవు, లోపలికి వచ్చి మలుపు తిరగాలి. గుర్రాన్ని దౌడు తీయిస్తూ ఒక్క ఊపులో బయటపడే సీను అక్కడ జరగదు. ఖుష్‌మహల్ కాకతీయుల తర్వాతిది. అందులో రుద్రమని కొలువు తీర్చిన రచనలు చూసినప్పుడు బాధేస్తుంది, ఎందుకంటే నాలుగు అడుగుల దూరంలోనే అసలైన కీర్తితోరణాలు నిలబడి ఉన్నాయి.

మిరియాలచారు

తిండి నాకు వదిలేయండి. అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు వాళ్ళ తర్వాత మనకి చేరినవన్నీ తీసేయాలి: మిరపకాయ, టమాటా, బంగాళాదుంప, వేరుశనగ, మొక్కజొన్న, జామ, బొప్పాయి, సీతాఫలం, జీడిపప్పు, పొగాకు. బంతిపువ్వు కూడా అటునుంచి వచ్చిందే. పెళ్ళిపందిరికి బంతి తోరణాలు కట్టిన కాకతీయ నవలలు కొల్లలు. మామిడాకులు, మల్లె, జాజి, సంపెంగ, మొగలి, కలువ మీకు చాలవా? కారానికి మిరియాలు, పిప్పళ్ళు, అల్లం, ఆవాలు. పులుపుకి చింతపండు.

ఓరుగల్లు చుట్టూ చెరువుల కింద వరి, మెట్టలో జొన్న, సజ్జ, కొర్ర. ఇంట్లో రోజూ తెల్లన్నం తినేది ఎవరో, జొన్న సంకటి తినేది ఎవరో నిర్ణయించుకుంటే అంతస్తు గురించి వేరే చెప్పక్కర్లేదు. ధరకి ఒక కొలత కావాలంటే క్రీడాభిరామంలో పూటకూళ్ళ ఇల్లుంది. సన్నబియ్యపు అన్నం, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపళ్ళు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డపెరుగు, ఇంతా కలిపి ఒక రూక (ఆనాటి నాణెం). బాటసారి లెంక చేతిలో ఎన్ని రూకలుండాలో దీన్నుంచి లెక్కేసుకోండి.

మోటుపల్లి ఇంటి వాసనలకి అక్కడి శాసనమే జాబితా: చందనం, కర్పూరం, చీనా కర్పూరం, పన్నీరు, ముత్యాలు, దంతం, పగడాలు, పట్టుదారాలు, రాగి, సీసం, మిరియాలు, పోకలు. ఆ పిల్ల ఇంట్లో గిడ్డంగి తలుపు తీస్తే ఏ వాసనొస్తుందో ఊహించక్కర్లేదు, రాతి మీద చెక్కి ఉంది. మార్కో పోలో కూడా ఈ రేవు పేరుతోనే దేశాన్ని ముత్ఫిలి అన్నాడు, వజ్రాల గురించీ సాలెగూడులాంటి సన్నబట్టల గురించీ రాశాడు. రుద్రమను గతించిన రాజుకి భార్య అనుకోవడం ఆయన పొరపాటు. ఆమె కూతురు.

తాంబూలాన్ని మరిచిపోకండి. ఆకు అందుకోవడం ఒప్పుకోలు, అందుకోకపోవడం అవమానం. ముట్టుకోకుండా, మాటాడకుండా రెండు పాత్రల మధ్య ఎంతయినా జరిపించొచ్చు. ఈ నవలల పాఠకులు కోరేది కూడా అదే. తొందరపడి కౌగిలింతకి పోతే అంతకుముందు కట్టిన బిగువంతా కూలిపోతుంది.

నుడికారం

మాటల గురించి నా వంతు. కథనం ఈనాటి వాడుక తెలుగులోనే రాయండి. గ్రాంథికంలో మునిగితే పాఠకుడు ప్రేమని వదిలి ప్రత్యయాలు చూస్తుంటాడు. సంభాషణల్లో మాత్రం సుల్తానుల తర్వాత వచ్చిన మాటలు ఏరేయాలి: హుకుం, దర్బారు, సిపాయి, జవాబు, ఖైదు, ఖర్చు, బజారు. వాటి చోట ఆన, కొలువు, బంటు, మారుమాట, చెర, వెచ్చం, అంగడి సహజంగా కూర్చుంటాయి. కబురు, రోజు కూడా అటువైపువే. సంభాషణలో వర్తమానం, నాడు, దినం అనుకుంటే పోతుంది. కథనంలో రోజు అని రాస్తే ఏ నష్టమూ లేదు, అక్కడ చాదస్తం వద్దు. ఇంకో గుంపు పోర్చుగీసుది: అలమర, బొత్తాం, తువ్వాలు, మేస్త్రీ. మాటతో పాటు వస్తువు కూడా కథలోంచి పోవాలి.

‘నిన్ను ప్రేమిస్తున్నాను’ అన్న వాక్యం ఎవరి నోటా రానివ్వకండి. వలపు, కూర్మి, మక్కువ ఉన్నాయి. కానీ చెప్పకుండా తెలిసేలా చేస్తేనే ఆ కాలం కనిపిస్తుంది.

మిరియాలచారు గారితో ఒక్క చోట విభేదిస్తాను. వస్తువుల పట్టిక పేజీ మీద పరిచేస్తే అది కూడా తప్పే. ఒక సన్నివేశానికి కొత్త వస్తువు ఒకటి, కొత్త మాట ఒకటి, అంతకు మించొద్దు. గడియకుడుక అన్న మాట మొదటిసారి వచ్చినప్పుడు ఎవరో దాన్ని నీళ్ళ మీద పెడుతూ ఉండాలి. అర్థం చెప్పే వాక్యం వేరే రాయకూడదు.

రాతిశాసనం

చివరిగా చారిత్రక వ్యక్తుల మాట. రుద్రమకి లేని ప్రేమకథ కల్పించకండి. ఆమె శాసనాల్లో రుద్రదేవ మహారాజు అన్న పేరుతో కనిపిస్తుంది. ఆ పేరు వెనకున్న మనిషిని దూరంగా, రెండు మూడు సన్నివేశాల్లో చూపిస్తే చాలు. తేదీలు తెలిసిన ఘట్టాల్ని కదిలించకుండా వాటి మధ్య ఖాళీల్లో మీ పాత్రల్ని నడిపించండి. 1262లో పట్టం, ఆ దశకంలోనే దేవగిరి యాదవ మహాదేవుడితో యుద్ధం, 1289లో చందుపట్ల శాసనం చెప్పే ఆమె మరణం. నల్లగొండ సీమలోని ఆ శాసనంలో ఆమెతో పాటు పోయిన సేనాని మల్లికార్జున నాయకుడి పేరూ ఉంది. మీ లెంక ఆనాటికి నడివయసు దాటిన మనిషి. అతను ఆ రోజు ఎక్కడున్నాడన్నది మీరు నవల మొదలుపెట్టే ముందే తేల్చుకోవాలి, ఎందుకంటే చందుపట్ల పేరు తెలిసిన పాఠకుడు మొదటి పేజీ నుంచీ దానికోసమే చూస్తుంటాడు.

మొదటి కలయికకి 1244 శాసనమే దారి ఇస్తుంది. అంతకుముందు తుఫానుకి కొట్టుకొచ్చి ఒడ్డున విరిగిన ఓడల సరుకుని రాజులు జప్తు చేసుకునేవారు. ప్రాణం కంటే ధనం మిన్నని సముద్రం దాటివచ్చిన వాళ్ళని కరుణించి, నియమిత సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని గణపతిదేవుడు ప్రకటించాడు. సుంకం ముప్ఫయ్యో వంతు. 1262లో అధికారం చేతులు మారుతున్నప్పుడు, ఆ అభయాన్ని పక్కనపెట్టి ఒక స్థానిక అధికారి విరిగిన ఓడ సరుకు కాజేశాడని రాయండి. దుందుభి కార్తీకంలో తుఫాను, సరుకు నాయిక తండ్రిది, విచారణకి ఓరుగల్లు నుంచి వచ్చినవాడు మీ లెంక. ఫిర్యాదు రాజధానికి చేరి అతను దిగేసరికి కనీసం పన్నెండు రోజులు గడుస్తాయి. ఆ పన్నెండు రోజుల్లో సరుకు ఎక్కడ దాచారో కనిపెట్టే పని నాయికకి అప్పగించండి. అతను వచ్చేసరికి లెక్కంతా ఆమె చేతిలోని తాటాకు మీద ఉండాలి.

కొలనుగట్టు

పట్టీ గీసుకోవడం మొదలుపెట్టాను. కార్తీక బహుళ పంచమి నాడు గిడ్డంగి తలుపు తీయిస్తాను, చంద్రుడు పదింటికి.

రెండెడ్లబండి

పదింటికి కాదు, పొద్దుగూకిన పది ఘడియలకి. తుఫాను శుద్ధ పక్షం మొదట్లోనే రావాలి, లేకపోతే ఆనాటికి మీ లెంక ఇంకా కృష్ణ అవతలే ఉంటాడు.